1,18,000 మైళ్ళు తిరిగిన 2003 పోర్షే 911 కొనొచ్చా? మళ్ళీ అమ్మితే ఎంత వస్తుంది?

గోదారి గాలి (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. మాది కాకినాడ. ఇంజనీరింగ్ హాస్టల్లో నా మంచం పైన గోడకి ఒక 911 బొమ్మ ఉండేది. నాలుగేళ్ళలో రూములు మారినా ఆ బొమ్మని ఊడదీసి నాతోనే తీసుకెళ్ళేవాణ్ణి. ఇప్పుడు నాకు 42. ఇంటి లోన్ సగానికి వచ్చింది, పిల్లల చదువుకి పక్కన పెట్టాల్సింది పెట్టాను. ఇన్నేళ్ళకి ఆ బండి కొనగలననిపిస్తోంది.

మా ఇంటికి గంట దూరంలో ఒకటి అమ్మకానికి ఉంది. 2003 కరేరా (911లో మామూలు రకం), 996 మోడల్ (ఆ తరం 911లకి కంపెనీ కోడ్), కూపే, ఆరు గేర్ల మాన్యువల్. ముదురు నీలం. 1,18,000 మైళ్ళు. అడుగుతున్నది 26,500 డాలర్లు. అమ్మే ఆయన మూడో ఓనర్, రిటైరైన పెద్దమనిషి. బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టానన్నారు.

నా టెన్షన్ రెండు విషయాల గురించి. ఇంత తిరిగిన ఇంజిన్‌ని నమ్మొచ్చా? నాలుగైదేళ్ళ తర్వాత అమ్మాల్సి వస్తే 1,40,000 మైళ్ళ బండిని ఎవరైనా కొంటారా? మా ఆవిడ వద్దనలేదు కానీ, "మెకానిక్‌కి అయ్యే ఖర్చు కూడా కలిపి చెప్పు" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఈ బండ్లు వాడినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బెజవాడ బండి (ప్లానో, టెక్సస్)

అన్నా, నా మాట వింటే ఆ డబ్బుకి సీ6 కార్వెట్ చూడు. 2008 నుంచి వచ్చినవాటిలో 6.2 లీటర్ల ఎల్ఎస్3 ఇంజిన్, 430 హార్స్‌పవర్. పార్టులు ఏ ఊళ్ళో అయినా దొరుకుతాయి, ఏ మెకానిక్ అయినా చేస్తాడు. 996లో ఐఎంఎస్ బేరింగ్ గొడవ ఒకటి ఉంది. అది పోయిందంటే ఇంజిన్ మొత్తం పోయినట్టే. కొనేముందు దాని గురించి బాగా చదువు.

పాత పానా (అట్లాంటా)

గోదారి గాలి తమ్ముడూ, నాకు 58 ఏళ్ళు. వారాంతాల్లో ఈ బండ్ల మీద పని చేయడం మొదలుపెట్టి పదిహేనేళ్ళు దాటింది. బెజవాడ తమ్ముడు చెప్పింది నిజమే. కానీ సగం చెప్పి వదిలేస్తే భయమే మిగులుతుంది, అందుకని మిగతా సగం నేను చెబుతాను.

ఈ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ తిరిగితే ఆ తిరుగుడు ముందు ఒక మధ్య షాఫ్ట్‌కి (ఇంటర్మీడియట్ షాఫ్ట్, అదే ఐఎంఎస్) వెళ్తుంది. అక్కణ్ణుంచి గొలుసుల ద్వారా వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్‌లకి చేరుతుంది. ఆ మధ్య షాఫ్ట్ ఒక చివరని మోసేదే ఐఎంఎస్ బేరింగ్. గ్రీజు పెట్టి సీలు వేసిన మామూలు బాల్ బేరింగ్ అది. కాలం గడిచేకొద్దీ సీలు సందుల్లోంచి ఇంజిన్ ఆయిల్ లోపలికి దూరి గ్రీజుని కడిగేస్తుంది. పాతబడిన ఆయిల్, తేమ అందులోనే నిలిచిపోతాయి. బేరింగ్ అరిగి విరిగితే షాఫ్ట్ పక్కకి జరుగుతుంది, టైమింగ్ తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి. ఇక ఆ ఇంజిన్‌తో పని లేదు.

మొదట్లో రెండు వరసల బేరింగ్ వచ్చేది. ఆ తర్వాత ఒక వరసదానికి మారారు. ఎక్కువ ఇబ్బంది దీనితోనే. దీని మీద అమెరికాలో క్లాస్ యాక్షన్ కేసు (ఓనర్లందరి తరఫున ఒకే కేసు) నడిచి 2013లో సెటిల్ అయింది. 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి మధ్య తయారైన బాక్‌స్టర్లు (పోర్షేదే ఇంకో మోడల్), 996లు దాని కిందకి వచ్చాయి. నువ్వు చూస్తున్న బండి కూడా ఆ గుంపులోదే. ఇప్పుడు ఆ గడువు అయిపోయింది, అటునుంచి పైసా రాదు. టర్బో, జీటీ3 బండ్లలో వేరే ఇంజిన్ ఉంటుంది, వాటికి ఈ సమస్య లేదు. 2009 నుంచి మామూలు 911ల్లో కూడా ఆ షాఫ్టే తీసేశారు.

అందుకని ఫైలు తెరవగానే వెతకాల్సింది ఆ బేరింగ్ మార్చారా, ఎప్పుడు మార్చారు అన్నదే. దాని కోసం గేర్‌బాక్స్ దించాలి కాబట్టి చాలామంది క్లచ్ మార్చేటప్పుడే ఆ పని కూడా చేయిస్తారు. క్లచ్ బిల్లు కనబడితే దాని కింది లైన్లు ఒక్కొక్కటీ చదువు.

రెండో సంగతి సిలిండర్ గోడల మీద గీతలు పడటం. నా దృష్టిలో బేరింగ్ కన్నా దీనికే ఎక్కువ భయపడాలి, ఎందుకంటే దీనికి ముందుగా మార్చుకునే పార్టు అంటూ ఏదీ లేదు. ఇంజిన్ వేడెక్కాక టిక్ టిక్ మని చప్పుడు, ఒక వైపు గొట్టంలోనే ఎక్కువ మసి, ఆయిల్ తాగడం, ఇవీ దాని గుర్తులు. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా పెడితే కొంత తెలుస్తుంది. కింద ఆయిల్ పాన్ విప్పి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఆ పరీక్ష చేయించకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వకు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, పాతిక వేల బండి కొంటూ నాలుగైదు వందల డాలర్ల పరీక్ష దగ్గర వెనకాడేవాళ్ళని చాలామందిని చూశాను.

గోదారి గాలి

అన్నయ్యా, ఇంత ఓపిగ్గా చెప్పినందుకు చాలా థ్యాంక్స్. ఇంకో డౌట్. హ్యూస్టన్‌లో అదే సంవత్సరం బండి 41,000 మైళ్ళతో ఉంది. 38,000 డాలర్లు అంటున్నారు. దాదాపు పన్నెండు వేలు ఎక్కువైనా తక్కువ తిరిగిన బండే మేలేమో కదా?

నల్లరేగడి (ఆస్టిన్)

ఈ ప్రశ్నకి నా డబ్బుతో జవాబు తెలుసుకున్నాను కాబట్టి చెబుతాను. 2019లో నేను కొన్నది రెండు సీట్ల కన్వర్టబుల్. ఏ కంపెనీదో, ఎవరు అమ్మారో ఇక్కడ అవసరం లేదు. పదిహేనేళ్ళ బండికి 29,000 మైళ్ళే. అద్దంలా మెరిసిపోతోంది. మైళ్ళు చూసి మురిసిపోయి పరీక్ష చేయించలేదు.

అది ఆరేళ్ళు షెడ్డులోంచి కదలలేదని తర్వాత తెలిసింది. మొదటి నెలలోనే రబ్బరు సీళ్ళు రెండు చోట్ల కారాయి. ట్యాంకులో పెట్రోలు పాడై ఇంజెక్టర్లు మూసుకుపోయాయి. టైర్లలో పట్టు బాగానే కనిపించేది, కానీ పక్కన ఉన్న నాలుగంకెల కోడ్ చూస్తే పదకొండేళ్ళ కిందటివి. పైకప్పు మోటారు పోయింది. సీటు కింద వైర్లు ఎలుకలు కొరికేశాయి. ఒక్కటీ పెద్ద రిపేరు కాదు, అన్నీ కలిపి ఏడాదిలో తొమ్మిది వేల డాలర్లు దాటింది. నాకు దెబ్బ తగిలింది అంతకన్నా ఇంకోచోట. నేను నడిపిన ప్రతి మైలూ దాని ధర తగ్గిస్తుందనే భయంతో దాన్ని బయటికే తీసేవాణ్ణి కాదు. రెండేళ్ళలో 3,000 మైళ్ళు తిప్పి అమ్మేశాను.

మైళ్ళు తక్కువని 38,000 పోస్తే, ఆ తక్కువ మైళ్ళని కాపాడుకోవడమే మీ పని అవుతుంది. నడపాలన్న కోరికతో కొనేవాళ్ళు 1,18,000ది చూడటమే మంచిది.

ఎడిసన్ అక్క (న్యూజెర్సీ)

గోదారి గాలి గారూ, మీ ఆవిడ అడిగిన ప్రశ్నకి నా దగ్గర లెక్క ఉంది. నేను అకౌంటెంట్‌ని. 2002 కరేరా మాన్యువల్‌ని 2016లో 95,000 మైళ్ళ దగ్గర 19,500 డాలర్లకి కొన్నాను. ఇప్పుడు 1,87,000. మంచు పడే నాలుగు నెలలు తప్ప ఆఫీసుకి దాంట్లోనే వెళ్తాను.

పెట్రోలు, ఇన్సూరెన్స్ పక్కన పెడితే తొమ్మిదేళ్ళలో అయింది 31,400 డాలర్లు. అంటే ఏడాదికి దాదాపు మూడున్నర వేలు, మైలుకి 34 సెంట్లు. ఇది ఏటా ఒకేలా రాదు, అక్కడే చాలామంది కంగారు పడతారు. ఒక ఏడు ఆయిల్ మార్పుతో 600లో అయిపోయింది. ఇంకో ఏడు క్లచ్, ఫ్లైవీల్, ఐఎంఎస్ బేరింగ్, క్రాంక్ వెనక సీలు అన్నీ ఒకేసారి పెట్టించుకుంటే 6,800 అయింది. బండి కొన్న రోజే ఐదు వేలు విడిగా ఒక ఖాతాలో వేసి, నెలకి మూడు వందలు దాంట్లోకే పంపుతూ వచ్చాను. రిపేరు వచ్చినప్పుడల్లా ఇంటి డబ్బు ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. మా ఇంట్లో ఈ బండి మీద గొడవ రాకపోవడానికి కారణం ఆ ఖాతానే.

ఏమేం పోయాయంటే: నీళ్ళ పంపు రెండు సార్లు, కూలెంట్ ట్యాంకు ఒకసారి పగిలింది, ఇగ్నిషన్ కాయిల్స్ చీలాయి. ఆయిల్ సెపరేటర్ పోయిన రోజు సిగ్నల్ దగ్గర వెనక తెల్లటి పొగ కమ్మేసింది, ఇంజిన్ పోయిందనుకుని ఏడ్చేశాను. తీరా చూస్తే అది చిన్న పార్టు. ముందు బంపర్ సందుల్లో ఆకులు చేరి కుళ్ళి ఏసీ కండెన్సర్లని తినేస్తాయి, ఏడాదికోసారైనా శుభ్రం చేయించండి. ఆయిల్ ఒక్కసారికి సుమారు 8 లీటర్లు పడుతుంది. పుస్తకంలో రాసినంత కాలం ఆగకుండా 5,000 మైళ్ళకో ఆరు నెలలకో మారుస్తాను. ఇంజిన్ లోపలి భాగం ఇంతవరకు విప్పలేదు.

రీసేల్ గురించి. పోయిన వేసవిలో ఇద్దరు వచ్చి చూశారు, ఒకాయన 20,000 ఇస్తానన్నారు. అంటే 92,000 మైళ్ళు తిరిగాక కూడా కొన్న ధర అలాగే ఉంది. 996 ధరలు ఈ మధ్య పెరగడం నా అదృష్టం, ఎప్పుడూ అలా జరుగుతుందని చెప్పను. కానీ ఆయన బండి చుట్టూ తిరిగింది పది నిమిషాలైతే నా ఫైలు చదివింది గంటకి పైగా. మైళ్ళ సంగతి అడగనే లేదు.

చార్మినార్ చిన్నోడు (హైదరాబాద్)

అన్నలూ, చిన్న డౌట్. అక్కడ ఈ ధరకి దొరుకుతుంటే, వాపస్ వచ్చేటప్పుడు ఇక్కడికి తెచ్చుకోవచ్చా? ఇక్కడ పాత 911 ధర వింటేనే గుండె ఆగుతోంది.

బెజవాడ బండి

తమ్ముడూ, కుదరదు. మన దేశంలోకి పాత బండి రావాలంటే తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికా బండికి ఎడమవైపు కదా. ఆ రెండూ సరిపోయినా డ్యూటీతో బండి ధర ఎక్కడికో వెళ్ళిపోతుంది. ఇక్కడి బండి ఇక్కడే అమ్ముకోవాలి.

అక్క లెక్క చూశాక నేను కొంచెం మెత్తబడ్డాను. అయినా రీసేల్ మీద ఒక మాట అంటాను. 996 ధర తక్కువగా ఉండటానికి కారణం బేరింగ్ ఒక్కటే కాదు. గాలితో చల్లబడే ఇంజిన్ పోయి నీళ్ళతో చల్లబడేది వచ్చింది ఈ మోడల్‌తోనే. పైగా ఆ పగిలిన గుడ్డు లాంటి హెడ్‌లైట్లు పాతవాళ్ళకి నచ్చలేదు, దీని తర్వాత వచ్చిన 997లో మళ్ళీ గుండ్రటివి పెట్టారు. కాబట్టి ఇది అన్ని 911ల కన్నా చవగ్గానే ఉంటుంది. ఉన్న ధర నిలవాలంటే కూపే, మాన్యువల్, మంచి రంగు, క్లీన్ టైటిల్ (పెద్ద ప్రమాదంలో పాడైనట్టు రాయని ఓనర్‌షిప్ కాగితం) కావాలి. ఇవన్నీ అన్న చూసిన బండికి ఉన్నాయి. ఆటోమేటిక్ కన్వర్టబుల్ అయితే నేను ఇంకా గట్టిగా వద్దనేవాణ్ణి.

ఇన్సూరెన్స్ ఒకటి గుర్తుపెట్టుకో అన్నా. మామూలు పాలసీ తీసుకుంటే, ప్రమాదం జరిగిన రోజు పాత బండి, ఇన్ని మైళ్ళు అని ధర కోసేస్తారు. ధర ముందే రాసుకునే అగ్రీడ్ వాల్యూ పాలసీలు ఉంటాయి. రోజూ వాడే బండి వేరే ఉండాలని, గ్యారేజీలో పెట్టాలని సాధారణంగా షరతులు పెడతారు. నీకు రెండూ ఉన్నాయి కదా.

గోదారి గాలి

పరీక్ష అయింది. డల్లాస్‌లో ఈ బండ్లు మాత్రమే చేసే చిన్న గ్యారేజీకి తీసుకెళ్ళాం. అమ్మే ఆయన కూడా వచ్చి మూడు గంటలు నాతో కూర్చున్నారు. దాంతోనే నాకు ఆయన మీద సగం నమ్మకం కుదిరింది.

ఫైల్లో 2014 బిల్లు ఉంది. 71,000 మైళ్ళ దగ్గర క్లచ్, క్రాంక్ వెనక సీలు, ఐఎంఎస్ బేరింగ్ మూడూ మార్చారు. ఆయిల్ పాన్ విప్పి ఆరు సిలిండర్లూ కెమెరాతో చూశారు. గీతలు లేవు. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిద లాంటి సన్నటి పొడి తప్ప ముక్కలేవీ లేవు. చెక్ ఇంజిన్ లైటు లేదు. కోడ్‌లు ముందురోజు తుడిచేసి తెచ్చారేమో అని మానిటర్లు (బండి తనని తానే చేసుకునే పరీక్షలు, కోడ్‌లు తుడిస్తే ఇవీ మళ్ళీ మొదలవుతాయి) కూడా చూశారు, అన్నీ రెడీ. మా కౌంటీలో ఎమిషన్ టెస్టు ఉంది కాబట్టి అది నాకు ముఖ్యం.

చేయాల్సినవి: కూలెంట్ ట్యాంకుకి సన్నటి పగులు, ముందు కంట్రోల్ ఆర్మ్‌ల బుష్‌లు, ఆయిల్ సెపరేటర్, టైర్లు. అన్నీ కలిపి 4,100 అని అంచనా రాసిచ్చారు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకోటి ఉంది. ఇంజిన్ కంప్యూటర్ రిపోర్టులో ఓవర్‌రెవ్ (ఇంజిన్ పరిమితి దాటి తిరగడం) రేంజ్ 1లో కొన్ని వందలు, రేంజ్ 2లో 46 ఉన్నాయి. రేంజ్ 2 చివరిసారి నమోదైంది 1,420 గంటల దగ్గర. ఇంజిన్ మొత్తం తిరిగింది 3,105 గంటలు. ఇది చూసి వదిలేయాలా? అన్నయ్యా, మీరు చెప్పేదాకా ఆగుతాను.

పాత పానా

తమ్ముడూ, రిపోర్టు తీయించావు చూడు, చాలా మంచి పని చేశావు. ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు గంటలతో మైళ్ళు సరిచూసుకో. 1,18,000ని 3,105తో భాగిస్తే గంటకి 38 మైళ్ళు. ఊళ్ళోనూ హైవే మీదా కలిపి తిరిగిన బండికి సరిపోయే సగటు. 20 వచ్చి ఉంటే మీటరు మీద నాకు అనుమానం వచ్చేది, లేదా బండి బతుకంతా ట్రాఫిక్‌లో గడిచిందనుకునేవాణ్ణి.

రేంజ్ 1 అంటే యాక్సిలరేటర్ తొక్కి లిమిటర్ (ఇంజిన్ అంతకన్నా వేగంగా తిరగకుండా ఆపేది) దాకా తీసుకెళ్ళడం. స్పోర్ట్స్ కారులో అది మామూలే. రేంజ్ 2 మాత్రం అలా రాదు. ఐదు నుంచి నాలుగుకి వేయబోయి రెండులో పడితే చక్రాలే ఇంజిన్‌ని లాగి తిప్పుతాయి, అప్పుడు లిమిటర్ ఏమీ చేయలేదు. ఆ 46 అనేది ఎన్నిసార్లు తప్పు చేశారన్న లెక్క కాదు, ఎన్నిసార్లు ఇగ్నిషన్ మెరిసిందన్న లెక్క. ఆ వేగంలో 46 అంటే రెప్పపాటు కూడా కాదు. ఎవరో ఒక్కసారి గేరు తప్పి వెంటనే క్లచ్ తొక్కి ఉంటారు. అదయ్యాక ఇంజిన్ ఇంకో 1,685 గంటలు తిరిగింది. వాల్వులకి దెబ్బ తగిలి ఉంటే ఈపాటికి తెలిసిపోయేది. లీక్‌డౌన్ టెస్టు (సిలిండర్‌లోకి గాలి పంపి ఎంత కారుతోందో చూడటం) కూడా చేయించి ఆరు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉంటే దాన్ని మర్చిపో.

నేను ఆగేది నీకు సంతోషం ఇచ్చిన ఆ 2014 బిల్లు దగ్గరే. అప్పట్లో వేసిన సిరామిక్ బేరింగ్‌లలో చాలావాటికి కూడా గడువు ఉంది. తయారు చేసినవాళ్ళే మళ్ళీ మార్చుకోమని చెబుతారు. అది 47,000 మైళ్ళు తిరిగింది, పదేళ్ళు దాటింది. "ఐఎంఎస్ మార్చాం" అని ప్రకటనలో రాసుకున్నంత మాత్రాన అది జీవితకాలం హామీ కాదు. ఆ బిల్లులో పార్టు నంబరు చూసి ఏ రకమో తెలుసుకో. మామూలు రీప్లేస్‌మెంట్ అయితే మళ్ళీ మార్చాల్సిందే. ఆయిల్ ఒత్తిడితో నడిచే శాశ్వత రకం అయితేనే వదిలేయొచ్చు. క్లచ్ కూడా ఎలాగూ సగం పైన అరిగి ఉంటుంది, రెండూ ఒకేసారి చేయించు. ఆ ఖర్చు ఆయన ముందు పెట్టి మర్యాదగా మాట్లాడు. దాచిపెట్టే మనిషైతే మూడు గంటలు నీతో కూర్చునేవాడు కాదు.

ఎడిసన్ అక్క

పానా గారి మాట పక్కన నాది ఒకటి. ఆ ఫైలులో ఉన్న పాత కాగితాలన్నీ కొనే రోజే తీసుకోండి, తర్వాత పంపిస్తానంటే ఒప్పుకోవద్దు. రెండో తాళం చెవి, చక్రాల లాక్ నట్టు తాళం కూడా. ఆ నట్టు తాళం లేక నేను రోడ్డు పక్కన రెండు గంటలు నిలబడ్డాను.

గోదారి గాలి

కొనేశాను. 22,800.

బిల్లులో పార్టు నంబరు చూస్తే మామూలు రీప్లేస్‌మెంట్ రకమే. లీక్‌డౌన్ ఆరింటిలోనూ దగ్గర దగ్గరగా వచ్చింది. ఆయన ముందు రెండు అంచనాలూ పెట్టి ఉన్నమాట చెప్పాను. ఆయన చాలాసేపు కాగితాలు చూసి, "దీన్ని నడిపేవాళ్ళకే ఇవ్వాలనుకున్నాను" అని ధర తగ్గించారు. టెక్సస్ ట్యాక్స్ 6.25 శాతం, 1,425 కట్టాను. అక్క చెప్పినట్టు ఐదు వేలతో వేరే ఖాతా తెరిచాం. దానికి పేరు మా ఆవిడే పెట్టింది, "నీలం" అని. ఫైలు, రెండు తాళాలు, లాక్ నట్టు తాళం అన్నీ అదే రోజు చేతికొచ్చాయి.

ఇంటికి తేకుండా నేరుగా గ్యారేజీకే తీసుకెళ్ళాను. గేర్‌బాక్స్ దించిన రోజు సెలవు పెట్టి వెళ్ళాను. పాత బేరింగ్ తీసి నా అరచేతిలో పెట్టారు. రూపాయి బిళ్ళకి రెండింతల వెడల్పు, అంతే. వేలితో తిప్పితే నున్నగానే తిరిగింది, కానీ పక్కకి కదిపితే సన్నగా ఆట తెలుస్తోంది. మెకానిక్ ఏమీ అనలేదు, కొత్తదాన్ని తీసి పక్కన పెట్టి రెండూ కదిపి చూడమన్నాడు. కొత్తది కదల్లేదు.

ఈసారి శాశ్వత రకమే వేయించాను. నిన్న రాత్రి ఇంటికి తెచ్చాను, మీటరు 1,18,064 చూపిస్తోంది. కాకినాడలో అప్పటికి తెల్లారింది. నాన్నకి వీడియో కాల్ చేస్తే ముందు ఇంజిన్ వెనక ఎందుకుందని అడిగారు, తర్వాత ఒకసారి స్టార్ట్ చేసి వినిపించమన్నారు. 1,000 మైళ్ళ దగ్గర ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తాను. ఫొటోలు ఇక్కడే పెడతాను అన్నయ్యా, ఒకసారి చూసి చెప్పండి.